చిగుళ్ల రంగు పిడి

గది అద్దానికి అవతల నా కారును పైకెత్తారు. ఇన్నేళ్లు నడిపాను గాని కింద నుంచి దాన్ని నేనెప్పుడూ చూసి ఎరగను, ఇప్పుడు నాలుగు చక్రాలూ గాలిలో వేలాడేసుకుని, డాక్టరు బల్ల మీద పడుకోబెట్టిన మనిషిలా, ఏం చేసుకుంటారో చేసుకోండి అన్నట్టుంది. నారింజ రంగు కోటు వేసుకున్న ఒకావిడ టార్చి పట్టుకుని దాని కింద తిరుగుతోంది. ఆవిడే ఇన్‌స్పెక్టరు. ఆవిడ సరే అంటే ఈ దేశంలో నా కారుకు నంబరు వస్తుంది, కాదంటే వచ్చిన దారినే ఓడెక్కి వెనక్కి పోతుంది, ఆ ఖర్చు మాకెందుకనుకుంటే ఇక్కడే తుక్కు కింద నలిగిపోతుంది. నా ఒళ్లో సంచి ఉంది, సంచిలో పాత తువ్వాలు, తువ్వాలులో చుట్టిన ఇనప రాడ్డు. అది ఉండాల్సింది నా ఒళ్లో కాదు, కారులో. పక్కన ఈయన కూర్చుని తాళాల గుత్తిని వేలి చుట్టూ తిప్పుతున్నారు, ఆపమని చెప్పాలనుకుంటూనే చెప్పడం లేదు, ఎందుకంటే తాళాలు కూడా ఆగిపోతే ఈ గదిలో ఇక చప్పుడే ఉండదు.

పాత కారును ఇంకో దేశంలోకి తేవడమంటే పాత కారునే కదా అనుకున్నాం. కొత్తదానికి ఇన్ని పరీక్షలు లేవట. మట్టి ఉండకూడదట, మన మట్టిలో పురుగులుంటాయని, గుడ్లుంటాయని, విత్తనాలుంటాయని వీళ్ల భయం, అందుకని ఓడెక్కించే ముందు ఆవిరితో కడిగించాం, మళ్లీ కడిగించాం, అయినా ఇక్కడ దిగాక సీటు పట్టాల సందులో ఎండిపోయిన వేరుశనగ తొక్క ఒకటి దొరికింది. దాన్ని పట్టకారుతో తీసి చిన్న సంచిలో వేసి ఏదో హత్య కేసులో సాక్ష్యంలా పట్టుకెళ్లారు. తను కారులో ఎప్పుడూ తినలేదని ఈయన ప్రమాణం చేశారు. చేసినప్పుడు నా వైపు చూడలేదు. తర్వాత దీపాలు, మన దీపాల వెలుగు వీళ్ల రోడ్ల మీద ఎదుటివాడి కళ్లలో కొడుతుందట, మార్చాం. తర్వాత వెనక అద్దం మీద ఉండాల్సిన ముద్రేదో లేదట, అది ఉన్న అద్దం వెతికి వేయించాం. అన్నీ అయ్యాయి. ఒక్క రాడ్డు సంగతే వీళ్లెవరికీ చెప్పలేదు.

చిన్నప్పుడు వచ్చిన ఒక జ్వరం నా కుడికాలిని పూర్తిగానూ ఎడమకాలిని సగమూ తీసుకుపోయింది. ఇది ఏడుస్తూ చెప్పే సంగతి కాదు, నాకు ఊహ తెలిసేసరికే అయిపోయిన బేరం. కుడికాలికి తొడ నుంచి బూటు దాకా రెండు ఇనప కడ్డీలు, మోకాలి దగ్గర తాళం. కూర్చునేటప్పుడు తాళం తీస్తే టక్, లేచేటప్పుడు వేస్తే టక్. ఇంట్లో అందరికీ నేను లేచానని ముందే తెలిసిపోయేది, దొంగచాటుగా వంటింట్లో చక్కెర తినే యోగం నాకు ఒక్కరోజూ పట్టలేదు. కారు పెడళ్లు ఈ కాళ్లకు అందుతాయి గాని మాట వినవు. అందుకని అమ్మ తమ్ముడు, వర్క్‌షాపు మావయ్య, స్టీరింగు కింద ఎడమ పక్కన ఒక రాడ్డు బిగించాడు. ముందుకు తోస్తే బ్రేకు, నా వైపు లాగితే వేగం. గేర్లు వాటంతట అవే పడే బండి. ఇక కాళ్లకు పనే లేదు, నా కూడా సినిమాకొచ్చిన చుట్టాల్లా ఊరికే కూర్చుంటాయి.

రాడ్డు మావయ్యది, పిడి మాత్రం నాది. మావయ్య ఏదో స్కూటరు హ్యాండిలు రబ్బరు తొడిగిస్తానన్నాడు, నాకు అది నచ్చలేదు, నేను చేసే పనే అచ్చులు తీయడం. కట్టుడు పళ్లు చేస్తాను నేను, పళ్ల డాక్టర్లు పంపిన అచ్చులు చూసి, ఏ నోటికి ఆ పలువరస, నవ్వితే ఇరుగుపొరుగుకు అనుమానం రాకుండా. ఒకరోజు ల్యాబులో పని అయిపోయాక మైనం వెచ్చజేసి గుప్పిట్లో పట్టుకుని నొక్కాను, నా వేళ్లు ఎక్కడెక్కడ ఉంటాయో అక్కడక్కడ గుంటలు పడ్డాయి, ఆ మైనానికి ప్లాస్టరుతో అచ్చు తీసి, అందులో చిగుళ్లకు వాడే గులాబి ముద్ద కూరి ఉడికించి నున్నగా సానపట్టాను. మావయ్య దాన్ని రాడ్డు చివర బిగించి కాసేపు చూసి, "అమ్మాయ్, నీ కారుకు పళ్లు రాలిపోయి చిగుళ్లు మిగిలాయే" అన్నాడు. నిజమే, అలాగే ఉంటుంది. కాని కళ్లు మూసుకుని చెయ్యి వేసినా నా వేళ్లు వాటి ఇళ్లకు అవే వెళ్లి కూర్చుంటాయి, ఇంకెవరి చెయ్యీ అందులో పట్టదు, ఈయన ఎన్నిసార్లు పట్టుకుని చూసినా చిటికెన వేలు బయటే ఉండిపోయేది.

మొదటిరోజు దాంతో ఎటు వెళ్లాను? ఎటూ వెళ్లలేదు. మావయ్య వర్క్‌షాపు వెనక ఖాళీ స్థలంలో గుండ్రంగా తిరిగాను, తిరుగుతూనే ఉన్నాను, మావయ్య మొదట పక్కన నడిచాడు, తర్వాత పరిగెత్తాడు, తర్వాత ఆయాసం వచ్చి టైరు మీద కూలబడి, "ఇక నీ ఇష్టమే తల్లీ, పెట్రోలు అయిపోయినప్పుడు పిలువు" అన్నాడు. అంతకుముందు నన్ను ఎవరో ఒకరు ఎక్కించేవారు, ఎవరో ఒకరు దించేవారు. బస్తాలకు వాడే మాటలే నాకూ వాడేవారు, ప్రేమగానే, అమ్మ ప్రతిరోజూ అడిగేది, అమ్మాయిని దించి వచ్చారా అని నాన్నని, దించేవాడు ఒకడు ఉంటేనే నేను ఎక్కడికైనా చేరేదాన్ని. ఆ రోజు నన్ను నేనే ఎక్కించుకుని నన్ను నేనే దించుకున్నాను. ఎక్కడ దిగానంటే ఎక్కినచోటే, అయినా ఆ రాత్రి నాకు సంతోషంతో అన్నం దిగలేదు.

ఇప్పుడు మళ్లీ దించడమే. ఈ ఊళ్లో ల్యాబు ఉద్యోగం నాకే వచ్చింది, నా పనితనం చూసి పిలిచారు, ఈయన తన లెక్కల పని ఎక్కడ కూర్చుని అయినా చేసుకోవచ్చని నా వెంట వచ్చారు, ఆ మాట అందరితోనూ గర్వంగానే చెబుతారు. కాని ల్యాబు ఊరి అంచున ఉంది, బస్సు మెట్టు నా మోకాలంత ఎత్తు, అద్దెకు తీసుకున్న కారులో నాకు నడిపే వీలు లేదు. ఇక్కడ చేత్తో నడిపే ఏర్పాటు కావాలంటే కొత్త కారు కొనాలి, కొన్నాక దానికి బిగించేవాళ్ల కోసం నెలల తరబడి వరుసలో నిలబడాలి. అందుకే ఇంత తిప్పలు పడి పాతదాన్ని తెచ్చుకున్నాం. అది వచ్చేదాకా రోజూ పొద్దున ఈయన అద్దె కారును ల్యాబు గేటు దగ్గర ఆపి, "ఎక్కడ దించమంటావ్, ఇక్కడా, లోపలి దాకా రావాలా?" అని అడుగుతారు. ఏ విసుగూ ఉండదు ఆ గొంతులో. విసుగుంటే పోట్లాడి తేలికపడేదాన్ని.

"పర్లేదండీ, చూసేస్తుంది, అయిపోతుంది" అంటూ వచ్చారు ఏజెంటు. మనవారే, ఇక్కడికి వచ్చి చాలా కాలమైంది, రేవు నుంచి కార్లు బయటికి తెప్పించడం ఆయన పని. ఏం చెప్పినా పర్లేదంటారు కాబట్టి మేం ఆయనకు పర్లేదుగారు అని పేరు పెట్టుకున్నాం. ఓడ ఆలస్యమైనా పర్లేదు, అద్దం పగిలినా పర్లేదు. రాడ్డు గురించి ఫోనులో విన్నప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగి, "చేత్తో చేయించుకున్న మార్పులుంటే ఒప్పుకోరమ్మా, తీసేయండి. లోపలికొచ్చాక మళ్లీ బిగించుకుందురుగాని, ఎవడు వంగి చూస్తాడు? పర్లేదు" అన్నారు. ఈయన నా వైపు చూశారు. నేను ఊఁ అన్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు పెట్టెలు సర్ది సర్ది ఉన్నాను, ఎవరు ఏమన్నా ఊఁ అనేదాన్నే. సాయంత్రం ఈయన కారులోకి వంగి, తల కింద పెట్టి, స్పానరు పట్టుకుని బోల్టులు విప్పుతుంటే టార్చి పట్టుకున్నది నేనే. రాడ్డు ఊడి వచ్చినప్పుడు రెండు రంధ్రాలు కనబడ్డాయి, పక్కనే పెడలు కాడ మీద బిగింపు ఒరిసిన గీతలు. మైనం పెట్టి పూడ్చేద్దామా అన్నారు ఈయన సరదాగా. నేను నవ్వలేదు. అప్పుడు ఎందుకు నవ్వలేదో నాకు తెలియలేదు, ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే తెలుస్తోంది.

అమ్మ నా మోకాళ్ల మీద శాలువా కప్పిన రోజు కూడా నేను నవ్వలేదు. ఈయన, వాళ్ల నాన్నగారు మా ఇంటికి పెళ్లిచూపులకు వస్తున్నారని అమ్మ గంట ముందే నన్ను సోఫాలో కూర్చోబెట్టేసింది. "నువ్వు లేవకు, మంచినీళ్లవీ నేను ఇస్తాను, కబుర్లు కలిశాక మెల్లగా నేనే చెబుతాను" అంది. నడక కొంచెం తేడా అని చూచాయగా చెప్పించిందట, ఎంత చూచాయగా అంటే వాళ్లకు వినబడనంత. వచ్చారు, కూర్చున్నారు, నా పని గురించి అడిగారు, నేను పళ్ల కబుర్లు చెప్పాను, వాళ్ల నాన్నగారు తన పలువరస తీసి చూపించబోయి ఈయన చూపుకు భయపడి మానేశారు. అంతా బాగుంది. శాలువా కింద కాలు చెమట పట్టింది. ఇలా కూర్చునే పెళ్లయిపోతుందా, ఇలా కూర్చునే కాపురం చేస్తానా, ఏ రోజు లేవాలి మరి అనిపించింది. వాళ్ల నాన్నగారికి పొలమారి దగ్గు వచ్చింది. శాలువా తీసి పక్కన పెట్టాను, తాళం వేశాను, టక్ మంది, లేచి వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాను, వెళ్లిన దూరమూ వచ్చిన దూరమూ అందరూ చూశారు. అమ్మ కళ్లు మూసేసుకుంది. అప్పుడు ఈయన ముందుకు వంగి నా మోకాలి వైపు చూపిస్తూ, "ఆ తాళం ఎలా పనిచేస్తుందండీ?" అని అడిగారు. జాలి లేదు, మొహమాటం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగిన గొంతు. నేను తీసి చూపించాను, వేసి చూపించాను, ఇంకోసారి చూపించమన్నారు. ఆ ఒక్క ప్రశ్నకే నేను ఈయన్ని చేసుకున్నాను, ఇంకే కారణమూ లేదు, ఉన్నా గుర్తులేదు.

కారు కిందికి దిగింది. ఇప్పుడు ఆవిడ తలుపు తీసి కూర్చుంది, నా సీట్లో. హారను కొట్టింది, మేమిచ్చిన రెండో తాళంచెవితో వైపర్లు ఆడించింది, బెల్టు లాగి వదిలింది. నా సీటు ఆవిడ పొడవు కాళ్లకు చాలడం లేదు, వెనక్కి జరుపుకుంది, మళ్లీ నాకు సరిపడా జరపాలంటే ఎంతసేపు పడుతుందో అనుకున్నాను, అనుకున్నాక ఎవరికోసం జరపాలి అనుకున్నాను. కాగితం మీద మామూలు కారు అని రాస్తారు. మామూలు కారు కాబట్టి మామూలు కాళ్లు నడపాలి. ఒకవేళ దొంగచాటుగా రాడ్డు బిగించుకుని నడిపానే అనుకో, ఏ పోలీసు ఆపినా, ఎవరు వెనక నుంచి చిన్నగా తగిలినా, తప్పు వాళ్లదైనా నాదే అవుతుంది, ఇన్సూరెన్సు రాదు, రాడ్డు మీద శాలువా కప్పుకుని తిరగాలి. రోజూ అద్దంలో వెనక్కి చూసుకుంటూ, గుండె గుప్పిట్లో పెట్టుకుని ల్యాబుకు వెళ్లి, అక్కడ కూర్చుని జనం నోళ్లకు పళ్లు తయారు చేయాలి. కట్టుడు పళ్లు ఎంత బాగా కట్టినా రాత్రి తీసి నీళ్లలో పెట్టుకునేవాడికి అవి కట్టుడు పళ్లేనని తెలుసు, దానిలో మోసమేమీ లేదు. ఇది అలా కాదు. ఇంతలో ఆవిడ సీట్లోంచి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, స్టీరింగు కిందికి టార్చి వేసింది. ఈయన వేలి చుట్టూ తాళాలు ఆగిపోయాయి.

చాలాసేపు చూసింది. వేలితో ఏదో తడిమింది, రంధ్రాలే అయి ఉంటాయి. లేచి గదిలోకి వచ్చి పర్లేదుగారిని ఏదో అడిగింది. ఈ భాష ఈయనకు బాగానే వచ్చు, నాకు నిదానంగా మాట్లాడితే తెలుస్తుంది, ఆవిడ నిదానంగానే అడిగింది, ఇక్కడ ఏముండేది అని. పర్లేదుగారు చేతులు తిప్పుతూ నవ్వుతూ చెప్పారు, చెప్పి మా వైపు తిరిగి తెలుగులో, "చిన్న ఫ్యాను ఉండేదని చెప్పాను, ఎండ దేశం కదా అన్నాను. నమ్మింది. పర్లేదు" అన్నారు. నమ్మింది. పెన్ను జేబులోంచి తీసింది, కాగితాన్ని అట్ట మీద సర్దుకుంది, ఇంకేముంది, సంతకమే, ఇన్ని నెలల తిప్పలూ ఆ పెన్ను మొనకు వచ్చి ఆగాయి. నేను ఊరికే కూర్చుంటే చాలు. కూర్చోవడం నాకు బాగా నేర్పారు. ఈయన వైపు చూశాను, ఈయన నా ఒళ్లోని సంచి వైపు చూస్తున్నారు, వద్దనడం లేదు, సరే అనడం లేదు, ఆ ముఖం చూస్తే బోల్టులు విప్పిన రోజు నుంచీ ఈ మనిషి కూడా సరిగా నవ్వలేదని గుర్తొచ్చింది.

తాళం వేశాను. టక్ మంది.

ఆ గదిలో ఆ చప్పుడు ఎంత గట్టిగా వినబడిందంటే ఇన్‌స్పెక్టరు పెన్ను ఆపి తల తిప్పింది. నేను నడిచి వెళ్లాను, గది పెద్దది, నా నడక నెమ్మది, తొందరేం లేదనుకున్నాను, ఎదురుగా నడిచి వస్తున్న మనిషిని ఆవిడ పై నుంచి కింది దాకా చూసింది, కాలి కడ్డీల దగ్గర ఆగింది, అక్కడి నుంచి అద్దానికి అవతల కారు వైపు చూసింది. సగం అప్పుడే అర్థమై ఉంటుంది. తువ్వాలు విప్పి రాడ్డు ఆవిడ చేతిలో పెట్టాను. ఫ్యాను కాదు, ఇది, అన్నాను నాకొచ్చిన వీళ్ల భాషలో, ఇది నా కాలు. పర్లేదుగారిని కలిసిన దగ్గర్నుంచి మొదటిసారి ఆయనకు ఆ మాట దొరకలేదు. ఆవిడ రాడ్డును తిప్పి చూసింది, వెల్డింగు మీద బొటనవేలు రాసింది, గులాబి పిడి దగ్గర కనుబొమలు ముడిచింది, దాన్ని పట్టుకుని చూసింది, ఆవిడ చిటికెన వేలు కూడా బయటే ఉండిపోయింది. ఏదో గబగబా అడిగింది, నాకు అందలేదు, వెనక్కి తిరిగాను.

ఈయన అప్పటికే లేచి నా పక్కన నిలబడ్డారు. "ఎలా పనిచేస్తుందని అడుగుతోంది" అన్నారు.

ఏడుపొచ్చింది నాకు, దాచుకోలేదు. ఏడుస్తూనే చూపిస్తానన్నాను.

షెడ్డులో ఈయన మళ్లీ కారులోకి వంగి, తల కింద పెట్టి, బోల్టులు బిగించారు, నేను టార్చి పట్టుకున్నాను, ఆవిడ ఇంకో పక్క నుంచి తన టార్చి కూడా వేసింది. ఇంత వెలుగులో మావయ్య కూడా ఎప్పుడూ బిగించి ఉండడు. నేను సీటు ముందుకు జరుపుకుని కూర్చుని ముందుకు తోసి చూపించాను, లాగి చూపించాను, ఇంకోసారి చూపించమంది. తర్వాత బయట నిలబడి కాగితం మీద చాలా రాసింది. ఈరోజు ఈ కారును పాస్ చేయలేను అంది, ఈయన ఒక్కో మాటా తెలుగులో చెబుతూ పోయారు. ఇంజినీరు వచ్చి రాడ్డును పరీక్షించాలట, బరువు వేసి లాగుతారట, నిలిస్తే చేత్తో నడిపే కారుగా నంబరిస్తారు, నిలవకపోతే వెనక్కే. ఎన్నాళ్లు పడుతుందో ఆవిడ చెప్పలేదట, అంతవరకు కారు ఈ ఆవరణ దాటకూడదు. మావయ్య వెల్డింగు నిలుస్తుందా? నిలుస్తుందనే నా నమ్మకం, వీళ్ల ఇంజినీరు మనసు నాకేం తెలుసు. పోవచ్చు కూడా. ఆ భయం అలాగే ఉంది, కాని దాని పక్కన శాలువా లేదు.

ఇక్కడి నుంచి కారు తీసి వెనక వరుసలో పెట్టాలి, అంది ఆవిడ, వేరే బండి వస్తోందని. తాళాలు ఈయన చేతిలో ఉన్నాయి. అలవాటుగా ఈయన తలుపు వైపు ఒక అడుగు వేశారు, ఆగారు, తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. ఆవిడ అడ్డు చెప్పలేదు, ఆవరణలో అయితే ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపి, దారి చూపిస్తూ ముందు నడిచింది. నా వేళ్లు వాటి ఇళ్లకు వెళ్లి కూర్చున్నాయి. లాగాను. ఇన్ని నెలలు చీకట్లో, ఉప్పు గాలిలో, ఇనప పెట్టెలో పడి వచ్చిన కారు ఒక్కసారి దగ్గి కదిలింది. ఎదురుగా తారు వేసిన పొడవాటి ఆవరణ, చివర గోడ, గోడ ముందు మాలాగే ఆగిపోయిన బళ్ల వరుస, దుమ్ము పట్టి, కొన్నిటికి అద్దాలు కూడా లేవు. నడిచి వెళ్లినా పట్టుమని పది నిమిషాలు పట్టని దూరం. ఈ దేశంలో నేను నడిపిన మొదటి దారి అదే.

"ఎక్కడ దించమంటారు, ఇక్కడా, లోపలి దాకా రావాలా?" అన్నాను.

ఈయన నవ్వారు, బోల్టులు విప్పిన రోజు తర్వాత మళ్లీ ఇప్పుడే, పళ్లన్నీ కనబడేలా. "గోడ దాకా పోనీ" అన్నారు, "నెమ్మదిగా పోనీ."